పాట చివర ఒక పేరు

పెద్దకోడలు పొద్దున్నే మొదటి మాట మనుషులతో మాట్లాడేది కాదు. పెరటి గుమ్మం దగ్గర బోర్లించిన బిందెను తిరగేసి, దాని మూతి దగ్గర మొహం పెట్టి, లోపలికి ఒక్క స్వరం వదిలేది. గట్టిగా కాదు, గోడ మీద పిల్లి కూడా చెవి తిప్పనంత మెల్లగా. ఖాళీ బిందె ఆ స్వరాన్ని కాసేపు కడుపులో దాచుకుని, గుండ్రంగా చేసి తిరిగి ఇచ్చేది. అది నిండుగా వస్తే ఆ రోజు గొంతు బాగున్నట్టు. అంచుల్లో జీర పలికితే గోరువెచ్చని నీళ్లు, తక్కువ మాటలు. ఆ తర్వాతే దేవుడికి దణ్ణం, ఆ తర్వాతే పొయ్యి, ఆ తర్వాతే మనుషులు.

“బిందెకు కచేరీ అయిందా అక్కా? ఇహ నీళ్లు పట్టుకోనా?” అని చిన్నకోడలు వెనకనుంచి వేళాకోళం చేసేది.

“పట్టుకో తల్లీ. నీకంటే అదే నయం. విన్నది విన్నట్టు చెబుతుంది.”

తోడికోడళ్లంటే ఉప్పూ నిప్పూ అని లోకం అంటుంది. ఆ ఇంట్లో మాత్రం ఒకరి తలనొప్పికి ఇంకొకరు మందు వేసుకున్నట్టు ఉండేవారు. మొగుళ్లిద్దరూ అన్నదమ్ములు, ఒకే సరుకుల లారీ మీద తిరిగేవారు. వెళ్తే ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు. ముందుగదిలో కిటికీ పక్కన మంచం మీద అత్తగారు ఉండేది. ఆవిడకు నడుము కిందిభాగం మాట వినడం మానేసి చాలాకాలమైంది. అందుకు బదులా అన్నట్టు నోరు ఇద్దరి పని చేసేది. ఆమె ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పడం, తల దువ్వడం కోడళ్లిద్దరూ వంతులేసుకోకుండానే పంచుకునేవారు. ఒకరు నీళ్లు కాచేసరికి ఇంకొకరి చేతిలో తువ్వాలు సిద్ధంగా ఉండేది. ఎవరూ ఎవరికీ చెప్పకుండా జరిగిపోయే ఇలాంటి పనుల్లోనే దేవుడు ఎక్కువ కనిపిస్తాడని పెద్దకోడలి నమ్మకం.

ఆమె పనిచేసేది పెద్దాసుపత్రి లాండ్రీలో. నేలమాళిగలో ఉంటుంది ఆ గది. గచ్చు ఎప్పుడూ తడిగా ఉంటుంది, గాలి ఎప్పుడూ ఆవిరి కమ్మి ఉంటుంది. పై అంతస్తుల వార్డుల్లోంచి మాసిన దుప్పట్లు కిందికి జారవేయడానికి గోడలోనే వెడల్పాటి రేకు గొట్టం ఉంది. దుప్పట్లు ధబ్బుమని బుట్టలో పడతాయి. పెద్దకోడలు ఆ బుట్ట దగ్గర నిలబడి వాటిని వేరుచేస్తూ పాడుకునేది. పాటలన్నీ ఆమె సొంతం, దుప్పట్లు మడతపెడుతూ కట్టుకున్నవి. నది గురించి ఒకటి, చీకట్లో ఇంటికి నడిచే మనిషి గురించి ఒకటి, అలిసిపోయిన కళ్లను బతిమాలుకునేది ఒకటి.

దుప్పట్లు కిందికి వచ్చే దారినే పాట పైకి వెళ్తోందని ఆమెకు చాలాకాలం తెలియదు. నిద్రపట్టని ఒక రోగి, గొట్టం తలుపు కాస్త తెరిచి ఉంచమని నర్సమ్మను అడిగాడట. తర్వాత పక్క మంచం ఆవిడ అడిగింది. తర్వాత వార్డంతా అడిగింది. నర్సమ్మ తన ఫోనును ఆ గొట్టంలోకి చాపి పాటను పట్టి, తెలిసినవాళ్లకు పంపింది. రేకులో దొర్లి దొర్లి వచ్చిన ఆ గొంతు ఎక్కడో నూతిలోంచి పిలుస్తున్నట్టు ఉండేది. జనానికి అదే నచ్చింది. ఎక్కడెక్కడివాళ్లో విన్నారు. దానికి ‘గొట్టంపాట’ అని పేరుపడింది. పాడినావిడకు ‘పాటమ్మ’ అని పేరుపడింది.

దాన్ని శుభ్రంగా రికార్డు చేయించమని వినేవాళ్లే పోరారు. కంపెనీల గడప తొక్కే పని లేకుండా, వినేవాళ్లే ముందుగా తలా కొంత వేసుకుని పాటను తయారు చేయించుకునే పద్ధతి ఒకటి ఉందని, ఫోన్లో దానికో పేజీ తెరిస్తే చాలని నర్సమ్మ చెప్పింది. చందా వేసినవాళ్లకు అందరికంటే ముందు పాట చేరుతుంది. దానితో పాటు ఏదో ఒక చిన్న కానుక ఇస్తామని రాయాలి. కొందరు తమ బొమ్మ మీద సంతకం చేసి పంపుతారట.

“మనమేం పంపుతామే? ఉతికిన దుప్పటా?” అని పెద్దకోడలు పగలబడి నవ్వింది.

ఫోను పనులన్నీ చిన్నకోడలివి. పేజీ తెరిచింది ఆమే. కానుక దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఆలోచించింది. తన పాపను తోడికోడలు నిద్రపుచ్చే తీరు గుర్తొచ్చింది. పాట చివర గొంతును బాగా కిందికి దింపి, పాప పేరును సాగదీసి, వదిలీ వదలనట్టు వదిలేది. పాప ఎంత మారాం చేస్తున్నా సరే, పేరు దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూతపడేవి. ఎప్పుడూ అంతే. ‘పాట చివర మీకు ఇష్టమైనవారి పేరు కలిపి పాడి పంపుతాం’ అని రాసేసింది.

ఆ సాయంత్రం సంగతి తెలిశాక పెద్దకోడలి మొహంలో నవ్వు ఆగింది.

“నన్నడక్కుండా నా నోటితో మాటిచ్చేశావేమే?”

“పాపకు పాడతావుగా అక్కా. అలాగే.”

“పాప మన ఒళ్లో ఉంటుంది. వాళ్లెవరో, ఎక్కడుంటారో…” అని ఆగి, దువ్వెనలో చిక్కిన అత్తగారి వెంట్రుకలు తీసి ఉండచుట్టింది. “సరేలే. ఇచ్చింది నువ్వైనా మాట ఇద్దరిదీ.”

చందాలు వానలా కురిశాయి. ఇచ్చినవాళ్లు డబ్బు ఒక్కటే పంపలేదు. గొంతుకు మంచిదని ఒకావిడ తేనె పంపింది. మెడకు చుట్టుకోమని ఒకాయన తన చేత్తో అల్లిన ఉన్ని గుడ్డ పంపాడు. రికార్డింగు ఉన్న రోజుల్లో లాండ్రీ ఆడవాళ్లు ఆమె బుట్ట తమలో తాము పంచుకుని, “వెళ్లవే వెళ్లు, నువ్వు పాడితే మా నడుములకు మందు” అని గెంటేసేవారు. ఇంత మంచితనం ఎక్కడ దాచుకోవాలో తెలియక పెద్దకోడలు దేవుడి ముందు కాస్త ఎక్కువసేపు నిలబడేది.

రికార్డింగు గది ఒక వడ్రంగి కొట్టు మేడమీద ఉండేది. గోడలకు పాత పరుపులు బిగించి, మధ్యలో అద్దం పెట్టి, అద్దానికి అటువైపు యంత్రాల ముందు ఒకాయన కూర్చునేవాడు. చెవులు పెద్దవి, వినికిడి అంతకంటే పెద్దది. అందరూ చెవులాయన అనే పిలిచేవారు, ఆయనా పలికేవాడు. పాట మొదలుపెట్టే ముందు ఆయన కిటికీలోంచి ఎర్రగుడ్డ వేలాడదీసేవాడు. అది చూడగానే కింద వడ్రంగి రంపం ఆపి, బీడీ ముట్టించుకుని, గుడ్డ లోపలికి పోయేదాకా పొట్టులో కూర్చునేవాడు. కూలి పోయినా ఒక్కనాడూ విసుక్కోలేదు.

పాట ఒకటే. చివరి పేరు మాత్రం ఎవరిది వారికే. పేరు పాడే ముందు, ఆ మనిషి ఎవరో, ఎలాంటివారో పంపినవాళ్లు రాసింది చిన్నకోడలు చదివి వినిపించేది. ‘మా అమ్మ. పూలమొక్కలంటే ప్రాణం. మంచాన పడింది.’ పెద్దకోడలు కళ్లు మూసుకుని వినేది. ఆ మనిషి తన ముందుకు వచ్చి కూర్చున్నట్టు అనిపించాకే పాడేది. అనిపించకపోతే మళ్లీ చదవమనేది.

“అంతవసరమా తల్లీ? పేరేగా?” అన్నాడు చెవులాయన ఒకసారి.

“మొహం చూడకుండా పిలిస్తే ఎవరు పలుకుతారండీ?” అంది ఆమె.

మొదటి కబురు ఆ పూలమొక్కల అమ్మ కూతురి దగ్గరనుంచి వచ్చింది. ‘అమ్మ పాట విన్నది. తన పేరు రాగానే నవ్వింది. నవ్వుతూనే వెళ్లిపోయింది. మీ రుణం తీర్చుకోలేను.’ తోడికోడళ్లిద్దరూ కళ్లు ఒత్తుకున్నారు. అంత చల్లని చావు ఇచ్చినందుకు పెద్దకోడలు దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

తర్వాత ఒక తాతగారు. విన్న పూటే పోయాడు. మనవడు కృతజ్ఞతలు రాశాడు. ఆ తర్వాత ఒక చిన్నాన్న, ఒక మేనత్త. అందరూ కృతజ్ఞతలే రాశారు.

ఆ తర్వాత ఒక బడిపంతులు. ఆయన భార్య రాసింది చిన్నకోడలు వడ్రంగి కొట్టు మెట్ల మీద కూర్చుని చదివింది. ‘జబ్బు నయమైంది, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. బట్టలు సర్దుకుంటూ సర్దుకుంటూ మంచం మీద ఒరిగారు. పాట మాకింకా చేరనేలేదు. ఇవాళే పాడుతున్నామని పొద్దున్న మీరు రాశారు కదా. ఇక పంపనక్కర్లేదు.’

పైన కిటికీలో ఎర్రగుడ్డ వేలాడుతోంది. లోపల పెద్దకోడలు వేరెవరి పేరో పాడుతోంది. కింద రంపం ఆగిపోయి ఉంది. పంతులుగారి పేరు పొద్దున్నే పాడటం అయిపోయిందని చిన్నకోడలికి గుర్తొచ్చింది. ఫోను కొంగులో దాచుకుంది గాని మొహం దాచుకోలేకపోయింది. పాట ముగించి బయటికి వచ్చిన పెద్దకోడలు ఆమెను ఒక్క చూపు చూసి చెయ్యి చాపింది.

“ఇటివ్వు.”

చదివింది. మళ్లీ చదివింది. మెట్టు మీద కూర్చుంది.

చెవులాయన వచ్చి ఆమె పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. “నేనొక మాట చెబుతాను, వింటావా అమ్మా? నీ పాట మొదట విన్నది ఆసుపత్రి. అక్కడినుంచి వచ్చే పేర్లన్నీ జబ్బు మనుషులవే అవుతాయి. మందులకొట్టు ముందు నిలబడేవాళ్లంతా రోగులే. అంతమాత్రాన రోగం మందులకొట్టు తెచ్చిపెట్టిందంటామా?”

“పంతులుగారికి నయమైందిగా?”

“నయమైందనుకున్నారు. డాక్టర్లు దేవుళ్లా?”

“పేరు పాడించుకుని బతికినవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని ఆమె తోడికోడలి వైపు తిరిగింది.

“చాలామంది ఏమీ రాయలేదక్కా. బాగున్నవాళ్లు పనిగట్టుకుని ఎందుకు రాస్తారు?”

“అంటే ఉన్నారో లేరో మనకు తెలీదన్నమాట.”

చెవులాయన చెప్పింది సబబుగానే ఉంది. సబబైన మాటలు బుర్రదాకా వెళ్తాయి, గుండె మెట్లు మాత్రం దిగవు. మర్నాడు పెరట్లో బిందె బోర్లించింది బోర్లించినట్టే ఉంది. చిన్నకోడలు వేళాకోళం చేయకుండా తనే నీళ్లు పట్టుకుంది.

కబుర్ల తీరు మారింది. ఇదివరకు ‘మా అమ్మమ్మకు వినిపించాలి’ అని రాసేవారు. ఇప్పుడు ‘మా నాన్న నరకం చూస్తున్నారు, మేమూ చూస్తున్నాం, ఆయన పేరు పాడండమ్మా, కాస్త త్వరగా’ అని రాయడం మొదలుపెట్టారు. ఆ ‘త్వరగా’ను చిన్నకోడలు పైకి చదవకుండా దాటేసేది. లాండ్రీలో ఒకావిడ నవ్వుతూ, “కొన్నాళ్లు మమ్మల్ని పేరు పెట్టి పిలవకే తల్లీ, ‘ఏమే, ఒసేవ్’ అను చాలు” అంది. అందరూ గొల్లుమన్నారు. ఆ తర్వాత నవ్విన వాళ్లలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఒకనాడు పెద్దకోడలు గొట్టం కింద నిలబడి పైకి చూసింది. ఎప్పుడూ ఏదో ఒక అంతస్తు నుంచి సన్నగా పడే వెలుతురు లేదు. దుప్పటి వేసిన మరుక్షణం గొట్టం తలుపులకు గడియలు పడుతున్నాయి. పైవాళ్లు ఇప్పుడు ఆమె పాట వినదల్చుకోలేదు. తిట్టినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఎదురుపడితే ఎప్పటికంటే మర్యాదగా దారి ఇస్తున్నారు. ఆ మర్యాదే ఆమెకు చలి పుట్టించేది.

ఒక మధ్యాహ్నం రికార్డింగు గదికి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ల సంచి. చెప్పులు బయట విడిచి, సంచి చిన్నకోడలి చేతికిచ్చి, కుర్చీ అంచున ఒద్దికగా కూర్చున్నాడు.

“చందా వేశానమ్మా. పేరు పంపాను. ఇంకా పాడలేదనుకుంటాను. కనుక్కుపోదామని వచ్చాను.”

“ఏమవుతారండీ మీకు?”

“మా అన్నగారు.”

“పాపం, ఒంట్లో ఎలా ఉందండీ?” అంది పెద్దకోడలు.

“బాగానే ఉందమ్మా. గుండ్రాయిలా ఉంటాడు.”

“మరి…”

“తుమ్ము కూడా రాదు. అందుకే ఇంత దూరం వచ్చాను.” అతని నవ్వు ఎంతో మృదువుగా ఉంది. “మా నాన్నగారి ఇల్లూ స్థలమూ అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. నేను ఎవరినీ పల్లెత్తు మాట అనేవాణ్ణి కాదు. చీమకైనా హాని తలపెట్టను. పాట ఒక్కటే కదా నేనడిగేది.”

చిన్నకోడలు పళ్ల సంచిని నేల మీద పెట్టేసింది, చేతికి ఏదో అంటినట్టు.

“మీ డబ్బు మీకు పంపించేస్తామండీ” అంది పెద్దకోడలు.

“ఎందుకమ్మా? అందరికీ పాడతారు, నాకు పాడరా?”

చెవులాయన లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆయన అంత కటువుగా మాట్లాడటం వాళ్లెప్పుడూ వినలేదు. “బాబూ, సంచి తీసుకుని మెట్లు దిగు. కింద వడ్రంగి చేతిలో రంపం ఉంది, నా చేతిలో ఏమీ లేదు. అతణ్ణి పిలవమంటావా?”

అతను నొచ్చుకున్నట్టు చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. పళ్లు మాత్రం అక్కడే వదిలేశాడు. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ రోజు ఇంటికి నడుస్తూ పెద్దకోడలు, “ఆపేద్దామే” అంది. “ఇహ పేర్లు వద్దు. పాట ఒక్కటి అందరికీ పంపుదాం.”

ఇంటికి రాగానే, పేరు ఇంకా పాడించుకోని వాళ్లందరికీ చిన్నకోడలు అదే సంగతి రాసింది. కొందరు అలాగే కానివ్వమన్నారు. ఇంకొందరు మాత్రం ఒప్పుకోలేదు. కోపంగా ఎవరూ రాయలేదు. ‘నా భార్య నన్ను గుర్తుపట్టడమే మర్చిపోయింది, తన పేరు తనకు గుర్తుందేమో చూడాలి, ఎవరేమనుకున్నా నాకు భయం లేదు’ అని ఒక ముసలాయన రాశాడు. ‘మా చెల్లి ఆ పాట కోసమే కళ్లు తెరుచుకుని ఉంది’ అని ఒకావిడ రాసింది. వాళ్లు డబ్బు ఇచ్చింది ఆ చివరి పేరు కోసమే. అది లేని పాట వాళ్లకు ఉప్పు లేని కూడు. పెద్దకోడలు అన్నీ చదివించుకుని విని, కిటికీలో ఉన్న అత్తగారి మందుసీసా చేతిలోకి తీసుకుంది.

“వీళ్లవి పాడి ముగిద్దాం. కొత్తవి ఇంక తీసుకోకు.”

“పేజీ మూసేస్తాను అక్కా. ఇదిగో, మూసేస్తున్నాను.” చిన్నకోడలు ఫోను మీద వేలు పెట్టి ఆగింది. “ఇప్పుడే ఒకటి వచ్చింది. పాలావిడ ఫోన్నుంచి. పేరు మాత్రమే ఉంది, ఏమవుతారో రాయలేదు.” అని ఆ పేరు బయటికి చదివింది. ఎక్కడో చూసినట్టుంది. ఆసుపత్రి చీటీ మీద కాబోలు, మందుల పొట్లం మీద కాబోలు…

“నాదేనే” అంది మంచం మీదనుంచి అత్తగారు.

పెద్దకోడలి చేతిలోని మందుసీసా జారి, మంచం కిందికి దొర్లిపోయింది.

“అలా చూస్తారేమే ఇద్దరూ? నాకు పేరుండకూడదా? పాలావిడకు నా చేతి డబ్బులిచ్చి వేయించాను. ఊరికే పాడమనట్లేదు.”

“అత్తయ్యా, తెలిసే అడుగుతున్నారా?” అంది పెద్దకోడలు.

“తెలీకేం? నాకు కాళ్లు పోయాయి గాని చెవులు పోలేదు. మీరు వంటింట్లో గుసగుసలాడేవన్నీ ఈ గోడ నాకు చెబుతుంది.” ముసలావిడ కళ్లలో కొంటెతనం మెరిసింది. “నీ పాటకు అంత మహత్తే ఉంటే, పొద్దస్తమానం మొరిగే ఎదురింటి కుక్కకు పాడి చూడవే ముందు. వీధంతా నీకు చందా వేస్తుంది.”

చిన్నకోడలు నవ్వాపుకోలేకపోయింది. పెద్దకోడలు నవ్వలేదు.

ముసలావిడ గొంతు తగ్గింది. “అమ్మా, అత్తయ్యా, పెద్దమ్మా, నాయనమ్మా… ఎన్నేళ్లనుంచో ఇవే. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లందరూ ఒక్కొక్కరే పోయారు. ఒక్కసారి నా పేరు వినాలనుందే. నీ గొంతులో.”

“ఇక్కడే, మీ ముందే మామూలుగా పిలుస్తాను. సరా?”

“ఓసి పిచ్చిదానా, కోడలు అత్తను పేరు పెట్టి పిలిస్తే దెబ్బలాటకొచ్చినట్టుంటుంది. పాటలో కావాలి నాకు.” పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. “ఊళ్లో అందరికీ పాడతావు. నాకు పాడవన్నమాట.”

పళ్ల సంచి మనిషి అన్న మాట! చిన్నకోడలికి అతని మృదువైన నవ్వు గుర్తొచ్చింది. అతను అడిగిందేమిటో తెలుసు. అత్తయ్య అడుగుతున్నదేమిటి? పేరు వినడమా, వెళ్లిపోవడమా? క్రితం వారమే ఆవిడ, తనను పక్కకు తిప్పుతున్న చిన్నకోడలి చేతులు నిమిరి, ‘నా బరువు మొయ్యలేక మీ ఇద్దరి చేతులూ అరిగిపోతున్నాయే’ అంది. అప్పుడది ముద్దుమాట అనుకుంది.

ఆ రోజు మొదలు ముసలావిడ తిట్టడం మానేసింది. పెట్టింది తినేది, తుడిస్తే తుడిపించుకునేది, కిటికీలోంచి చూసేది. ఆవిడ నోరు ఆగిపోయిన ఇల్లు గడియారం ఆగినట్టుంది. లారీ ఏ దారిలో ఉందో, పెద్దకొడుకు ఫోన్లో విసుక్కున్నాడు. “అమ్మ అడిగిందొక్క పేరు. ఎవరో పిచ్చి మాటలంటే మీరు పట్టుకుని వేలాడతారా? పాడెయ్, పోయేదేముంది?”

‘పోయేదేముంది’ అన్న మాట గదిలో కాసేపు అలాగే ఉండిపోయింది.

వంటింట్లో పెద్దకోడలు గిన్నెలు తోముతూ, వెనక్కు తిరక్కుండానే అంది. “నేను పాడనన్నాననుకో. ఆ పంతులుగారిని, ఆ తాతగారిని, అందరినీ నేనే పంపించానని ఒప్పుకున్నట్టేగా?”

“అక్కా!”

“పాడానా, చెవులాయన చెప్పిందే నిజమని నమ్మినట్టు. నిజంగా నమ్మినదాన్నైతే ఈ చేతులు ఇలా వణకవు.” సబ్బు చేతులు పైకెత్తి చూపించింది. “దేవుణ్ణి అడిగానే. నా గొంతులో ఏం పెట్టావు స్వామీ అని అడిగాను. ఏమీ చెప్పలేదు. బిందె అయినా చెప్పేది.”

చిన్నకోడలు దగ్గరికి వచ్చింది. తువ్వాలు తీసుకుని ఆ చేతులు తుడిచింది. ఆ పేజీలో ఆ మాట రాసింది తన వేలే. ఆ సంగతి తోడికోడలు ఒక్కనాడూ ఎత్తిచూపలేదు. ఎత్తిచూపినా బాగుండేదనిపించింది.

ఆఖరి రికార్డింగు పొద్దున చిన్నకోడలు పాపను బడికి పంపి, బట్టలు మార్చుకుని, ఫోను సంచిలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పెద్దకోడలు అప్పటికే అత్తగారికి తల దువ్వి, ఉతికిన దుప్పటి కప్పి, కిటికీ రెక్క తీసిపెట్టింది. ముసలావిడ ఆమె మొహంలోకి చూసింది.

“పాడుతున్నావా?”

“పాడుతున్నాను అత్తయ్యా.”

“మంచిగా పాడు. సాగదియ్యి. నా పేరు చిన్నది, ఇట్టే అయిపోతుంది” అంది ఆవిడ. చాలా రోజుల తర్వాత కళ్లు నవ్వాయి.

పెద్దకోడలు వీధి అరుగు దాకా వచ్చి, చెప్పులు తొడుక్కుని, చిన్నకోడలి భుజం మీది సంచి తీసి తన భుజానికి తగిలించుకుంది.

“నువ్వు రాకే ఇవాళ.”

“నేను రాకపోతే పేర్లెవరు చదివి చెబుతారు?”

“చెవులాయన చదువుతాడు. అత్తయ్య సంగతి నాకు ఎవరూ చదివి చెప్పక్కర్లేదు.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. సంచి పట్టిని మాత్రం మెలితిప్పుతోంది. “నాకొక్క సాయం చెయ్యవే. ఇంతవరకు నిన్ను ఏమీ అడగలేదు. అందరివీ అయ్యాక ఆవిడ పేరు ఆఖర్న పాడతాను. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, నువ్వు మంచం దగ్గరే ఉండు. పొయ్యి మీద ఏమున్నా మాడిపోనీ. చెయ్యి పట్టుకో. కునుకు పట్టేట్టుంటే మాట్లాడించు, ఏదో ఒకటి అడుగు, తప్పుపని చేసి తిట్టించుకో, కళ్లు మాత్రం మూయనివ్వకు.”

“ఏమన్నా అయితే… ఎవరి ఫోన్నుంచైనా చెయ్యనా?”

“వద్దు. పాట మధ్యలో ఫోను మోగితే ఆ పాటను నేను ఇంక ముగించలేను. ఏమైనా సరే, నేను వచ్చి గుమ్మంలో నిలబడేదాకా ఆ చెయ్యి వదిలిపెట్టకు, చిన్నీ. చల్లబడినా సరే, వదిలిపెట్టకు.”